కుక్కా, మలుపా, కరెంటా?

ఆ దేశంలో పరాయివాళ్ళ క్షేమం చూడటానికి ఏకంగా ఒక శాఖే ఉంది. దాని పూర్తి పేరు విదేశీయ నివాసుల క్షేమ పరిరక్షణ మరియు ముందస్తు అపాయ నివారణ శాఖ. రేవు పట్నం నడిబొడ్డున దానికి ఆరంతస్తుల మేడ, ఆ మేడకి పాలరాతి మెట్లు. చలికాలంలో ఆ మెట్ల మీద మంచు పేరుకుంటుంది గనక, క్షేమం కోరి వచ్చినవాళ్ళలో ఏటా పదిమందికైనా అక్కడే కాలు విరుగుతుంది. విరిగిన కాళ్ళ సంగతి చూసేది వేరే శాఖ. అది ఊరికి ఆ చివర ఉంది. దానికీ మెట్లే.

ఈ శాఖలో మూడు వందల మంది పనిచేస్తారు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఏ పరాయివాణ్ణయినా ఏ అపాయం నుంచైనా కాపాడినట్టు ఎక్కడా రాసి లేదు. కాపాడటం ఎలా అన్న విషయం మీద మాత్రం పద్నాలుగు సంపుటాలు అచ్చువేశారు. అలాంటి శాఖ గడప తొక్కడం మడ్డు కూర్మారావు చేసిన మొదటి పొరపాటు. అక్కడ కూర్చుని నిజం చెప్పడం రెండోది.

కూర్మారావుది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఓడలు కట్టే యార్డులో వెల్డరు. భార్య నీలవేణి ఐదో నెల కడుపుతో ఉండగా విమానం ఎక్కాడు, మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. కూతురు వైశాలికి ఇప్పుడు రెండున్నర దాటింది. ఆ పిల్లని అతను ఫోను అద్దంలో తప్ప ఎరగడు. మూడేళ్ళు పూర్తయినందుకు యార్డువాళ్ళు నలభై రోజులు సెలవిచ్చారు. వచ్చే నెల ఇరవై ఒకటో తేదీన ప్రయాణం. పిల్లకి ఎర్ర గౌను కొన్నాడు. ఫోనులో చూస్తే మనిషి ఎంత ఉందో తెలియదు కదా, అందుకని అదే గౌను మూడు సైజుల్లో కొని పెట్టె అడుగున దాచుకున్నాడు.

యార్డు నుంచి బసకి పోవాలంటే ఏడో నంబరు ట్రామ్‌లో చివరి స్టాపుదాకా పోవాలి. అక్కడ దీపం లేదు. ఆ దేశంలో చలికాలం వస్తే సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో ముగ్గురు బలిసిన మొగాళ్ళు గోడకి ఆనుకుని నిలబడి, ట్రామ్ దిగిన ప్రతి నల్లమొహాన్నీ చూసి ఏదో ఒకటి కూస్తుంటారు. కూర్మారావుకి అక్కడి భాష సగమే వచ్చు గానీ, వాళ్ళు కూసే మాటలన్నీ ఆ సగంలోనే ఉన్నాయి. తల వంచుకుని పోయేవాడు. ఒక మంగళవారం వాళ్ళు కూతలతో ఆగలేదు. కూర్మారావుకి ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి, ఎడమ పక్కటెముక ఒకటి విరిగింది, చేతిలో ఉన్న టిఫిన్ కారియర్ ట్రామ్ చక్రాల కింద పడి అప్పడమైంది.

అతను కోరుకున్నది పెద్ద కోరిక కాదు. స్టాపులో ఒక దీపం పెట్టాలి, ఆ ముగ్గుర్నీ పిలిచి ఒక మాట అడగాలి. ఇంటికెళ్ళేలోగా ఇంకో ఎముక విరగకుండా ఉంటే చాలు, పిల్లని ఎత్తుకోవాలి కదా అనుకుని శాఖకి వెళ్ళాడు.

అక్కడ తెలుగు తెలిసిన అధికారి ఒకే ఒక్కడున్నాడు. ఆయన పేరు డాక్టర్ ఓల్మెర్. మన వైపు పదకొండు నెలలు తిరిగి, రోడ్ల పక్కనుండే బోర్డుల మీద పరిశోధన చేసి డాక్టరు పట్టా తెచ్చుకున్నాడు. మధ్యలో మనుషులతో మాట్లాడే తీరిక దొరకలేదట. అందువల్ల ఆయన నోరు తెరిస్తే బోర్డే వస్తుంది.

“లోనికి ప్రవేశించవచ్చును. పాదరక్షలు వెలుపల విడువుడు,” అన్నాడాయన.

కూర్మారావు బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టి వచ్చాడు.

“ఇచ్చట కూర్చొనుడు. ఇచ్చట ఉమ్మివేయరాదు.”

కూర్మారావు నోట్లో ఇంకా నెత్తురు ఊరుతూనే ఉంది. గుటకేసి మింగాడు.

“బాబూ, నన్ను కొట్టీసినారండి. ఏడో నంబరు ట్రామ్ ఆగిన కాడ. ముగ్గురు. ఆళ్ళ మొకాలు నాకు బాగా తెల్సు. మీరు ఇప్పుడెల్లినా అక్కడే ఉంటారు.”

ఓల్మెర్ ఆ మాటల్ని చాలాసేపు పరిశీలించాడు. బోర్డుల మీద ఎవరూ ‘కొట్టీసినారు’ అని రాయరు. మొహం మీద వాపు చూపిస్తే గానీ ఆయనకి విషయం బోధపడలేదు.

“ఇది ఎప్పుడు సంభవించెను?”

“మంగళారం.”

“అట్లయిన ఇది అపాయము కాదు, సంఘటన. ఈ శాఖయందు అపాయములు మాత్రమే స్వీకరించబడును. సంఘటనలు స్వీకరించబడవు.”

“మరి ఆ స్టాపులో ఓ దీపమైనా ఎట్టించండి బాబూ.”

“దీపము అమర్చినచో అచ్చట అపాయము కలదని ప్రభుత్వము అంగీకరించినట్లగును. కావున అచ్చట చీకటి ఉండవలెను.”

ఇంత తెలివిగా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? కూర్మారావు లేవబోయాడు. ఓల్మెర్ కూర్చోమని చెయ్యి ఊపి నలభై ప్రశ్నల ఫారం తీశాడు. వచ్చినవాడు ఫారం నింపకుండా పోతే ఆ వచ్చినవాడే లేనట్టు లెక్క. పదమూడు ప్రశ్నలు సాఫీగా గడిచాయి. పద్నాలుగోది ఇది: సంఘటనకు పూర్వము మిమ్ములను ఎవరైనను హెచ్చరించిరా?

“అంటే ఏటండి?”

“ఎవరైనను మీతో ‘జాగ్రత్త’ అని పలికిరా?”

“ఓస్, అదా!” కూర్మారావు వాచిన మూతితోనే నవ్వాడు. “మా ఇంటిది అంటాది కదండీ. రోజూ అంటాది. జాగర్త మావా అంటే గాని ఫోను ఎట్టదు.”

ఓల్మెర్ పెన్ను కింద పెట్టాడు. లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. బీరువాలోంచి నాలుగు వందల ఎనభై పేజీల పుస్తకం ఒకటి తీసి, దాని మీద దుమ్ము దులిపాడు. అది ఆయన రాసిందే. తెలుగువాళ్ళు ‘జాగ్రత్త’ అన్న మాటని మూడే మూడు సందర్భాల్లో వాడతారని అందులో ఫొటోలతో సహా రుజువు చేశాడు. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. ‘ముందు ప్రమాదకరమైన మలుపు కలదు జాగ్రత్త’. ‘హై వోల్టేజి విద్యుత్తు జాగ్రత్త’. నాలుగో సందర్భం ఆయనకి ఎక్కడా కనపడలేదు. ఆ పుస్తకం అచ్చయ్యాక దాన్ని తెరవాల్సిన అవసరం రావడం అదే మొదటిసారి. 

మర్నాడు కూర్మారావుని ఆరో అంతస్తుకి తీసుకెళ్ళారు. అక్కడ శాఖకి పెద్ద దిక్కయిన డైరెక్టరు శ్రీమతి బ్రెన్‌హోల్ట్ కూర్చుని ఉంది. ఆవిడ వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే ఓల్మెర్ తెలుగు చేస్తున్నాడు. పరాయివాళ్ళ క్షేమం దృష్ట్యా పరాయివాళ్ళ ఫోన్లన్నీ ఆ దేశంలో రికార్డవుతాయి. కూర్మారావు ముప్ఫై రోజుల మాటలూ రాత్రికి రాత్రి కాగితాల మీదకి ఎక్కి బల్ల మీద కట్టగా పడి ఉన్నాయి.

“గడచిన మాసమందు నీలవేణి అను వ్యక్తి మిమ్ములను నూట పన్నెండు మారులు హెచ్చరించెను,” అంది డైరెక్టరు, ఓల్మెర్ నోటితో. “మా శాఖ చరిత్రలో ఇదియే అత్యధికము. అయినను ఏ ఒక్క హెచ్చరికయందును అపాయము యొక్క వివరము లేదు. ఆమె దేనిని గూర్చి హెచ్చరించుచున్నది? కుక్కను గూర్చియా? మలుపును గూర్చియా? విద్యుత్తును గూర్చియా?”

“అలాటిదేటీ నేదమ్మా. ఊరకే అంటాది.”

ఓల్మెర్ నిఘంటువులో ‘ఊరకే’ వెతికాడు. ‘నిష్కారణముగా’ అని ఉంది. డైరెక్టరు జాలిగా తల ఊపింది.

“ఒక మనిషిని నూట పన్నెండు మారులు నిష్కారణముగా హెచ్చరించు వ్యక్తి లోకమున ఉండదు.”

ఈవిడతో ‘జాగ్రత్త’ అన్నవాళ్ళు ఎవరూ లేరు కాబోలని కూర్మారావుకి ఒక్క క్షణం పాపం అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత తనని తాను చాలా తిట్టుకున్నాడు.

“ప్రేమతో అంటాదమ్మా,” అన్నాడు సిగ్గుపడుతూ.

‘ప్రేమ’ దగ్గర ఓల్మెర్ ఆగలేదు. అది ఆయనకి బాగా తెలిసిన మాటే. లారీల వెనకా ఆటోల వెనకా రాసే అలంకార పదమనీ, దానికి చట్టం దృష్టిలో అర్థమేమీ లేదనీ పై అధికారిణికి విన్నవించాడు. ఆవిడ ఆ మాటని కొట్టివేయించింది.

తర్వాత విచారణ చకచకా సాగింది. కూర్మారావుకి కుక్క ఉందా? లేదు. దాడి జరిగిన చోట మలుపు ఉందా? అతను ఆలోచించి చూస్తే నిజంగానే స్టాపు దగ్గర రోడ్డు కొంచెం వంకర తిరుగుతుంది. ఉందన్నాడు. డైరెక్టరు కుర్చీలో ముందుకి జరిగింది. అతని వృత్తిలో విద్యుత్తు ఉందా? వెల్డరుకి కరెంటు లేకుండా ఎలా? ఉందన్నాడు. డైరెక్టరు లేచి నిలబడింది. మూడింట రెండు దొరికాయి. నలుగురు గుమాస్తాలు చప్పట్లు కొట్టారు.

“డెబ్బది ఒకటవ సంభాషణ,” అని ఓల్మెర్ కాగితం తీశాడు. “‘సేప తింతన్నావేటి, ముల్లు జాగర్త’ అని యున్నది. ఈ ముల్లు అను వ్యక్తి ఎవరు? అతని చిరునామా ఏమి?”

“ముల్లంటే మనిషి కాదు బాబూ, సేపలో ఉంటాది.”

“రహస్య నామము,” అని రాసుకున్నాడు ఓల్మెర్.

అప్పుడు కూర్మారావుకి అసలు సంగతి గుర్తొచ్చింది.

“అమ్మా, నన్ను కొట్టినోళ్ళు ముగ్గురున్నారు. ఆళ్ళ సంగతేటి మరి?”

“వారు మిమ్ములను ముందుగా హెచ్చరించిరా?”

“నేదమ్మా. తిన్నగా వొచ్చి కొట్టీసినారు.”

“హెచ్చరిక లేనిచోట అపాయము ఉండనేరదు. కావున వారి వలన మీకు ఏ అపాయమును లేదు. అపాయమంతయు మీ భార్యకు తెలిసినదే.”

ఆ సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం మడ్డు కూర్మారావు అత్యున్నత శ్రేణి అపాయగ్రస్త విదేశీయుడు. ఆ శ్రేణి ఉందని పుస్తకాల్లో ఉండటమే గానీ అందులోకి ఎక్కినవాడు ఇదివరకు లేడు. అతన్ని ఎంతో గౌరవంగా, ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ పట్టుకుని, క్షేమ నివాసానికి తీసుకెళ్ళారు. ఎన్నాళ్ళని అడిగితే హెచ్చరికలు ఆగేవరకు అన్నారు.

క్షేమ నివాసం అంటే ఒక గది. కిటికీలోంచి పడతాడేమోనని కిటికీ మూసేశారు. గొంతు కోసుకుంటాడేమోనని గడ్డం కత్తి తీసుకున్నారు. ముల్లు ఆచూకీ తెలిసేదాకా చేప మానిపించారు. కరెంటు అపాయం కనక యార్డు పని బందు. గది చలిగా ఉందంటే, హీటరు కూడా కరెంటే కదా అని ఇంకో దుప్పటి ఇచ్చారు. గుమ్మంలో కాపలాకి తోడేలంత కుక్కని కట్టేశారు. కుక్క ఉన్నచోట ఆ మాట లోపలి మనిషి సొంత భాషలో రాసిపెట్టాలని ఆ దేశంలో చట్టం. ఓల్మెర్ స్వయంగా కుంచె పట్టి, ముచ్చటైన గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. కూర్మారావు స్నానాల గదికి పోయినప్పుడల్లా ఆ బోర్డు ముందునుంచే పోవాలి. పోయిన ప్రతిసారీ ఒక హెచ్చరిక అందుకున్నట్టు లెక్కలో వేశారు. రోజుకి అరడజను అలా పెరుగుతూ పోయాయి.

శాఖ పనితనం ఏమైనా అనుకోండి గానీ, మలుపు సంగతి వాళ్ళు మరిచిపోలేదు. ప్రమాదకరమైన మలుపు అని రుజువయ్యాక ఊరుకుంటారా? రెండు వారాల్లో ఏడో నంబరు చివరి స్టాపుని పీకి, రోడ్డు తిన్నగా ఉన్నచోట, కిలోమీటరు అవతల పాతారు. అక్కడ ఇళ్ళు లేవు, మనుషులు లేరు, దీపం మాట ఎవరూ ఎత్తలేదు. ప్రారంభోత్సవానికి మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఆ ముగ్గురు బలిసిన మొగాళ్ళు కూడా పాత చోటు వదిలి కొత్త చోటుకి మారారు. వాళ్ళకి అదే బాగుంది, అరిచినా ఎవరికీ వినపడదు.

అక్కడ ఇంట్లో నీలవేణికి ఇదంతా ఒక పట్టాన తలకెక్కలేదు. రోజుకొక్క ఫోనుకి అనుమతి ఉంది, పక్కన ఓల్మెర్ కూర్చుని వింటాడు.

“లోపలెట్టీసినారా? ఓలమ్మో! నువ్వేటి సేసినావు మావా?”

“నానేటీ సెయ్యనేదే. నీ మాటకే ఎట్టినారు.”

“నా మాటకా! నానేటన్నాను? సరిగ్గా తింతన్నావా? సలేస్తందా? ఆళ్ళతోటి గొడవలెట్టుకోకు మావా, జాగర్త. కుక్కుందన్నావు, జాగర్త. జాగర్త మావా!”

మూడు, అని ఓల్మెర్ గీతలు గీశాడు.

“ఒలే, ఆ మాట అనొద్దే తల్లీ!” అని కూర్మారావు మొత్తుకున్నాడు. దానికి ఓల్మెర్ నోటీసు ఇచ్చాడు. హెచ్చరించు సాక్షిని నిరోధించుట నేరము, ఇది మొదటి తప్పు కనుక క్షమించబడినది అని.

ఇరవయ్యో రోజున బసలో అతనితో ఉండే తామాడ దండాసి చూడటానికి వచ్చాడు. దండాసి పెళ్ళి కానివాడు. అన్నదమ్ములతో పొలం గట్టు తగాదా ఉంది. అతనికి ఎవరూ ఫోను చెయ్యరు, అతనూ ఎవరికీ చెయ్యడు. కూర్మారావు కేసు తర్వాత శాఖవాళ్ళు యార్డులో ఉన్న పరాయివాళ్ళందరి ఫోన్లూ వడపోశారు. ఏడాది పొడుగునా ఒక్క హెచ్చరికైనా అందుకోని మనిషి దండాసి ఒక్కడే తేలాడు. పట్నం మొత్తంలో అతనే పరమ క్షేమంగా ఉన్నట్టు నిర్ణయించి, బంగారు రంగు అంచుతో క్షేమ ధ్రువపత్రం ఇచ్చి, మంత్రి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఎవరికీ పట్టని మనిషికి ఆ దేశం చేసిన సన్మానం అది.

ఆ దండాసి ఇప్పుడు కుడిచేతికి కట్టుతో వచ్చి కూర్చున్నాడు.

“ఏట్రా ఆ సెయ్యి?” అన్నాడు కూర్మారావు.

“ఇరగ్గొట్టీసినారన్నా. ఆళ్ళే. కొత్త స్టాపు కాడ.”

“సెప్పినావా మరి ఆపీసులో?”

“ఎల్లినాను. నీకు సేమం అని మేవు రాసిచ్చీసినాం కదా, మరి ఈ సెయ్యి ఎవుడిదీ అన్నారు. నాదే బాబూ అన్నాను. సర్కారు ముద్రేసిన కాయితాన్ని అబద్దం సేస్తావా అని కేకలేసినారు. ఈ కట్టు ఇప్పీ, నేపోతే కాయితం ఎనక్కిచ్చీ అంతన్నారన్నా.”

“ఇచ్చీలేకపోయావా?”

“ఎనక్కిస్తే అపాయమున్నోడి కింద ఒచ్చి నీ పక్క గదిలో ఎడతారంట. నాను కట్టిప్పీడానికే ఒప్పుకున్నాను.” దండాసి కళ్ళు తుడుచుకున్నాడు. “నాకూ ఎవులైనా ఫోను సేస్తే బాగుణ్ణనిపించిందన్నా. మళ్ళీ ఒద్దులే అనిపించింది.”

నెలాఖరుకి మంత్రి పార్లమెంటులో లేచి, ఈ నెల పరాయివాళ్ళ మీద ఒక్క దాడీ జరగలేదని ప్రకటించాడు. అందులో అబద్ధమేమీ లేదు. హెచ్చరిక అందుకుని దెబ్బలు తిన్నవాళ్ళవి అపాయాల్లోకి పోయాయి, హెచ్చరిక లేకుండా దెబ్బలు తిన్నవాళ్ళవి అసత్యాల్లోకి పోయాయి. దాడులకి మిగిలింది సున్నా. సభ్యులు బల్లలు చరిచారు. శాఖకి ఇంకో అంతస్తు మంజూరైంది.

ఇరవై ఒకటో తేదీ దగ్గర పడింది. యార్డువాళ్ళు సెలవు కాగితం మీద ఒక ముక్క రాసి పంపారు: ఆ తేదీన విమానం ఎక్కకపోతే సెలవు రద్దు, మళ్ళీ సెలవు మూడేళ్ళకే. కూర్మారావు ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆరో అంతస్తులో డైరెక్టరు ముందు నిలబడ్డాడు.

“నన్ను ఇంటికి పంపించీండమ్మా. మీ దేశంలో నేకపోతే మీకు నా బెంగే ఉండదు.”

“అత్యున్నత శ్రేణి అపాయగ్రస్తులు విమానము ఎక్కరాదు. విమానమునందు బెల్టు కట్టుకొనుడు అని హెచ్చరింతురు. మీరు ఇంకొక హెచ్చరికను భరింపజాలరు.”

“మరెలాగమ్మా నాను పిల్లని సూసేది?”

కూర్మారావు నిలువునా ఏడ్చేశాడు. ఎన్ని దెబ్బలు తిన్నా ట్రామ్ స్టాపులో ఏడవనివాడు అక్కడ, ఆ మెత్తటి తివాచీ మీద, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డైరెక్టరు ఆ ఏడుపుని ఓపిగ్గా చూసింది. ఎంత శాఖైనా అందులో ఉన్నవాళ్ళు మనుషులే కదా అనుకుంటాం. ఆవిడ తొమ్మిదో సంపుటం తెరిచింది.

అందులో మార్గం ఉంది. హెచ్చరిక చేసిన వ్యక్తి తానుగా దాన్ని ఉపసంహరించుకుంటే ఫైలు మూసెయ్యవచ్చు. ఉపసంహరణ అంటే చేసిన హెచ్చరికకి సరిగ్గా వ్యతిరేకమైన మాట, చేసిన నోటితోనే, అధికారుల సమక్షంలో మూడుసార్లు, స్పష్టంగా పలకాలి. ‘జాగ్రత్త’కి వ్యతిరేకం ఏమిటని ఓల్మెర్ మూడు రోజులు తన ఫొటోలన్నీ గాలించాడు. చివరికి ఏదో కర్మాగారం గోడ మీద ‘అజాగ్రత్త ప్రాణాంతకము’ అన్న రాత దొరికింది. దాన్నుంచి సూత్రం తయారుచేశాడు: ‘నా భర్త మడ్డు కూర్మారావు నేటినుండి అజాగ్రత్తగా ఉండవలెను. ఆయనకు ఏమి జరిగినను నాకు చింత లేదు.’

పంతొమ్మిదో తేదీ పొద్దున్న పదకొండు గంటలకి ముహూర్తం పెట్టారు. బల్ల మీద ఫోను నిలబెట్టారు. ఇటు డైరెక్టరు, ఓల్మెర్, ఇద్దరు సాక్షులు, మధ్యలో కూర్మారావు. అటు నీలవేణి వీధి అరుగు మీద కూర్చుని ఉంది. ఓల్మెర్ ఆమెకి సూత్రం చదివి వినిపించాడు.

నీలవేణి విన్నది. అర్థమయ్యేసరికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడిపోయింది.

“అయ్యేటి మాటలు మావా? మా ఇంటా వంటా నేవు అలాటి మాటలు. నా నోట ఎలగొస్తాయి? సచ్చినా అనను.”

“నోటి మాటే కదే. అనీసి ఒగ్గీ.”

“నీకు నోటి మాట. నువ్వెల్లిన కాడినుంచీ నా కాడున్నది ఆ నోటి మాటొక్కటే కదా మావా. సెయ్యి సాపితే అందవు, అన్నం ఎట్టలేను, జొరమొస్తే నుదుర మీద సెయ్యెయ్యలేను. ఆ ఒక్క మాటా అని పడుకుంతన్నాను. దాన్నీ తిప్పి అనమంటే ఎలాగ?”

ఓల్మెర్ ‘నుదుర’ అంటే ఏమిటో నిఘంటువులో చూస్తున్నాడు.

“నీలా,” అన్నాడు కూర్మారావు చివరికి. “నువ్వు అంటే ఎల్లుండి ఇమానం ఎక్కుతాను. అనకపోతే ఇంకో మూడేళ్ళు. పిల్ల నన్నెరగదు.”

నీలవేణి కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఎటో పక్కకి చూస్తూ అనేసింది. అజాగర్తగా ఉండు మావా, నీకేటైనా నాకు సింత లేదు. గొంతు బయటికి రాలేదని ఆ మాటని లెక్కలో వెయ్యలేదు. మళ్ళీ అంది. ‘మావా’ అన్న పదం సూత్రంలో లేదని కొట్టేశారు. ఆ తర్వాత మూడుసార్లు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. మూడోసారి అనేటప్పటికి ఆమె కూర్మారావుకేసి చూడటం మానేసింది. అన్నాక ఇంకేం జారుతుందోనన్న భయంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డైరెక్టరు ముద్ర ఎత్తి ఫైలు మీద కొట్టింది. ‘క్షేమము’ అని పడింది. కూర్మారావు ముద్ర పడిన ఫైలుకి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. ఓల్మెర్ కూడా సంతోషపడ్డాడు.

“మీ సహకారమునకు ధన్యవాదములు. శుభ ప్రయాణము. మరల దయచేయుడు,” అంటూ చెయ్యి చాపాడు.

అంతలో ఫోను అద్దం నిండా ఒక చిన్న మొహం అడ్డం వచ్చింది. తల్లి ఎందుకు ఏడుస్తోందో చూద్దామని వచ్చిన పిల్ల ఫోను లాక్కుంది. ఇన్నాళ్ళూ తండ్రి మొహం కనిపిస్తే చాలు తల్లి వెనకాల దూరిపోయేది, ఒక్క మాట పలికేది కాదు. ఇవాళ ఏమనిపించిందో, ముక్కు అద్దానికి ఆనించి, ఊడిన పళ్ళ కంతలోకి వింతగా చూసింది. రోజూ ఆ మనిషితో అమ్మ ఏం మాట్లాడుతుందో దానికి తెలుసు.

“నానా,” అంది వైశాలి. “జాగత్త.”

డైరెక్టరు ముద్రని పెట్టెలో పెట్టబోతూ ఆగింది.

“ఆ శబ్దము ఏమి?”

ఏమీ లేదు, పిల్ల ఏదో కూసిందని ఓల్మెర్ అనెయ్యవచ్చు. కానీ ఆయన చాలా నిజాయితీ గల అధికారి. ఆ పదం మీద ఆయన డాక్టరు.

“‘జాగ్రత్త’యే. ‘ర’ వత్తు లోపించినది. అర్థమునకు భంగము లేదు.”

“హెచ్చరించిన వ్యక్తి?”

“మడ్డు వైశాలి. వయస్సు రెండు సంవత్సరముల ఎనిమిది మాసములు.”

“ఇంత చిన్న వయస్సునందే ఎరిగియున్నదనిన, ఈ అపాయము మనము తలచినదానికంటె ఘోరమైనది,” అంది డైరెక్టరు. కొత్త ఫైలు తెమ్మని గంట కొట్టి, తొమ్మిదో సంపుటం ఇంకో పేజీ తిప్పింది. మైనరు చేసిన హెచ్చరికను మైనరు ఉపసంహరించజాలదు, మేజరైన పిమ్మట స్వయముగా హాజరై ఉపసంహరించవలెను అని అందులో ఉంది. సాక్షుల్లో ఒకడు వేళ్ళ మీద లెక్కపెట్టి, పదిహేనేళ్ళ నాలుగు నెలలు అన్నాడు.

అటు నీలవేణి కొంగు జారవిడిచి నెత్తి కొట్టుకుంటోంది. ఇటు ఓల్మెర్ ఉత్తర్వు చదివి వినిపిస్తున్నాడు. కూర్మారావుకి ఇవేవీ చెవికెక్కలేదు. అతను బల్ల మీదికి వంగి, రెండు చేతులతో ఫోను పట్టుకుని, మొహం అద్దానికి దగ్గరగా పెట్టాడు.

“ఏటమ్మా? ఏటన్నావు? ఇంకోపాలి అను తల్లీ.”

“జాగత్త నానా.”

రెండు, అని ఓల్మెర్ రాసుకున్నాడు.